భూపాలపట్నం దాకా బొట్టు పిలుపు

ఉప్పల్: ఇంటి ముందు రోడ్డు

నేను నాచారంలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతాను. ఏటా రవాణా మార్గాల పాఠం వస్తుంది. అందులో జాతీయ రహదారుల పట్టిక ఉంటుంది. రెండు వందల రెండు: హైదరాబాద్ నుంచి భూపాలపట్నం. "ఇది మన రోడ్డే, మన ఉప్పల్ మీదుగానే పోతుంది" అనగానే పిల్లలు కాస్త సర్దుకుని కూర్చుంటారు. "భూపాలపట్నంలో ఏముంటుంది టీచర్?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. "రోడ్డు అయిపోతుంది" అని చెప్పి తర్వాతి పాఠంలోకి వెళ్ళిపోయేదాన్ని. అంతకు మించి నాకూ తెలియదు. ఒకసారి మా హెడ్మాస్టరు గారిని అడిగాను. మధ్యప్రదేశ్ రాజధాని కదమ్మా అన్నారు.

భూపాలపట్నం ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. ఈ వేసవిలో వెళ్ళివచ్చాను. ఆ ఊరు చూసి రావడానికి ఎవరూ వెళ్ళరు కాబట్టి, నేనూ అందుకు వెళ్ళలేదని ముందే చెప్పేస్తున్నాను. ఒక మనిషికి బొట్టు పెట్టి పెళ్ళికి పిలవడానికి వెళ్ళాను. పెళ్ళి మా ఇంట్లోది కాదు. ఆ మనిషి నాకు చుట్టమూ కాదు.

నేను అద్దెకుండే ఇల్లు మల్లేశం గారిది. కింద వాళ్ళు, పైన నేను. ఆయనది ములుగు దగ్గర పల్లె, నాచారంలో పైపుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నాది తణుకు. రాష్ట్రం రావాలని ఆయన, ఎందుకొచ్చిన గొడవ అని నేను, అద్దె ఇచ్చే రోజు తప్ప మిగతా అన్ని రోజులూ వాదించుకునేవాళ్ళం. ఉద్యమం జోరుగా ఉన్నప్పుడు మా వీధివాళ్ళు ఇదే హైవే మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశారు. బస్సులాపి, రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిన్నారు. అటుగా పోతున్న నన్నూ కూర్చోబెట్టి పప్పన్నం పెట్టారు. నాకు వ్యతిరేకంగా జరిగే భోజనానికి నన్నే పిలవడం మా వైపు ఎప్పుడూ చూడలేదు. పప్పు మాత్రం బాగుంది.

ఈ ఏడు మల్లేశం గారి అమ్మాయి స్రవంతికి పెళ్ళి కుదిరింది. వాళ్ళలో పెళ్ళిపనులు పసుపు దంచడంతో మొదలవుతాయి. రోకలి మొదట పట్టాల్సింది పెళ్ళికూతురి మేనత్త. మల్లేశం గారికి ఉన్నది ఒక్కతే అక్క, పేరు సారక్క. ఆమెను ఇచ్చింది భూపాలపట్నం. కొన్నేళ్ళ కింద ఆమె భర్త పోయాడు. అప్పటినుంచి తమ్ముడితో మాటల్లేవు. పెళ్ళి సంగతి చెబుదామని ఫోను చేస్తే తను తీయలేదు. పక్కింటావిడ చేత కబురు చెప్పించింది: బొట్టు పెట్టి పిలిస్తే వస్తాను, ఊరికే ఫోనులో చెబితే రాను అని.

మామూలుగా అయితే ఇందులో పెద్ద సంగతేమీ లేదు. శుభకార్యానికి ఇంటి ఆడవాళ్ళు వెళ్ళి బొట్టు పెట్టి పిలవడం మా వైపూ ఉంది, వాళ్ళ వైపూ ఉంది. భర్త పోయిన ఆడమనిషికి మాత్రం పెట్టరు. కార్డు చేతికిచ్చి, తప్పకుండా రండి అని చెప్పి, గుమ్మం దిగి వచ్చేస్తారు. ఈ ఒక్క విషయంలో రెండు ప్రాంతాలకూ ఏ తగాదా లేదు. సారక్క ఏం అడుగుతోందో ఇంట్లో అందరికీ అర్థమైంది. పైకి ఎవరూ అనలేదు. మర్నాడు పొద్దున మల్లేశం గారి భార్య నర్సమ్మకు మోకాలు నొప్పి వచ్చింది, భూపాలపట్నం దాకా ప్రయాణం చేయలేనంత నొప్పి.

ఆ మోకాలితోనే మెట్లెక్కి పైకి వచ్చింది.

"టీచర్, జర నువ్వు పోయి రారాదు? బడికి సెలవులే గదా. నాకు భయమైతున్నది. నా బిడ్డ పెండ్లి. నేను వెట్టి రేపు ఏమన్న అయితే? నీకైతే..."

అక్కడ ఆగింది. నాకైతే అయ్యేదేదో అయిపోయింది అని ఆమె అనలేదు. నేనే పూర్తి చేసుకున్నాను.

మా ఆయన పోయినప్పుడు మా పెద్దత్తగారు నా నుదుటి బొట్టు వేలితో తుడిచేసింది. జూన్‌లో బడి తెరిచారు. మళ్ళీ పెట్టుకుని వెళ్ళాను. ఎవరినీ అడగలేదు. నర్సమ్మ మీద కోపం వచ్చిందా అంటే, వచ్చింది. ఒక పూట ఉంది. కన్నకూతురి పెళ్ళి ముందు పెట్టుకుని తల్లి పడే భయం అబద్ధం కాదని తర్వాత తోచింది. పైగా ఆ రోడ్డు చివరేముందో చూడాలని నాకూ ఉంది. సరే అన్నాను. దారి తెలిసినవాడు కాబట్టి మల్లేశం గారు నాతో వస్తానన్నాడు. నర్సమ్మ చిన్న ఇత్తడి భరిణె నిండా కుంకుమ నింపి ఇచ్చింది.

పోచారం, భువనగిరి

ఉప్పల్ నుంచి బయటపడటమే ప్రయాణంలో కష్టమైన భాగం. మెట్రో రైలుకని రోడ్డు మధ్యలో స్తంభాలు లేపుతున్నారు. వాటి చుట్టూ తిరిగి బోడుప్పల్ దాటేసరికి కండక్టరు టిక్కెట్లన్నీ కొట్టేసి ఒక కునుకు కూడా తీశాడు.

పోచారం దగ్గర అద్దాల మేడలు కనిపించాయి. మల్లేశం గారు కిటికీలోంచి చేయి చాపి, "మా అల్లుడు గా బిల్డింగ్‌లనే పన్జేస్తడు" అన్నాడు. కొంచెం ముందుకు వెళ్ళాక ఇంకోటి చూపించి "గది గూడ ఆళ్ళదే" అన్నాడు. ఘట్‌కేసర్ వచ్చేలోగా మూడు చూపించాడు. అల్లుడు ఒక్కడే.

ఈ రోడ్డు చరిత్ర నాకు తెలిసినంతలో చెబుతాను. మల్లేశం గారి తాత ఈ దారినే ఎడ్లబండి మీద హైదరాబాద్ వచ్చేవాడట. నిజాం కాలంలో కంకర రోడ్డు, తర్వాత తారు, ఇప్పుడు నాలుగు వరసలు. అంతకు ముందు కాకతీయుల గుర్రాలు కూడా ఇటే తిరిగి ఉంటాయి. భువనగిరి కొండ చూస్తే ఆ నమ్మకం కలుగుతుంది. కొండంతా ఒకటే బండ, దాని నెత్తిన కోట. అంత ఎత్తున కూర్చుని కిందికి చూసే అలవాటు రాజులకే ఉంటుంది. మేం బయల్దేరేనాటికి ఢిల్లీలో ఎవరో దేశంలోని రోడ్ల నంబర్లన్నీ మార్చేశారు. రెండు వందల రెండు పోయి నూట అరవై మూడయింది. కిలోమీటరు రాళ్ళ మీద కొన్నిచోట్ల పాత నంబరు, కొన్నిచోట్ల కొత్తది, కొన్నిచోట్ల ఎవరిదో బోరుబావుల ప్రకటన. నేను పాత నంబరుతోనే రాస్తున్నాను. ఇన్నేళ్ళూ చెప్పిన పాఠం అది.

కండక్టరు మా ఇద్దరినీ కలిపి చూసి "మీ ఇంటామెనా?" అన్నాడు. "కాదు, మా టీచరు" అన్నాడు మల్లేశం గారు. ఆయనకు యాభై దాటింది. కండక్టరు ఇంకేమీ అడగలేదు.

జనగామ: చెట్టు కింద చెప్పిన సంగతి

జనగామ దాటాక టైరు పంక్చరయింది. అందరం దిగి చింతచెట్టు కింద నిలబడ్డాం. పక్కనే చాయ్ బండి ఉంది. టైరు పేలడం, బండి ఉండటం రెండూ ఎప్పుడూ అక్కడే జరుగుతాయేమో, చాయ్ ఆయన మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు, గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు.

అక్క ఎందుకు మాట్లాడటం లేదో మల్లేశం గారు నాకు అక్కడ చెప్పాడు. అంతవరకు నేనడగలేదు.

"బావ పోయిండని కబురొచ్చిన నాడే బైలెల్లిన టీచరమ్మా. వానలు గట్టిగ కొడుతున్నయ్. ఏటూరునాగారం కాడ గోదారి నిండుగ వస్తున్నది. పడవలు బందు వెట్టిన్రు. ఒడ్డు మీద కూసున్న. ఇయ్యాల తగ్గుతది, రేపు తగ్గుతది అనుకుంట. ఆడ్నే పదొద్దులు అయిపోయినయ్."

పదో రోజున భర్త పోయిన ఆడమనిషికి పుట్టింటివాళ్ళు చీర పెట్టాలి. ఇదీ రెండు వైపులా ఉన్నదే. ఆ రోజు పుట్టింటి తరఫున పెట్టాల్సినవాడు ఈయన ఒక్కడే.

"నేను లేను. ఆ వాడకట్టోళ్ళు ఎవలో పాపం తలా కొంత వేసుకొని చీరె వెట్టిన్రట. నీళ్ళు తగ్గినంక పోయిన. మంచినీళ్ళిచ్చింది, మాట్లాడలే. నేను ఉప్పల్‌ల పండుకొని గోదారి మీద వెట్టి చెప్తున్న అని ఊరంత చెప్పింది. నేషనల్ హైవే ఉన్నది గదా, ఎందుకు రాడు అంటదట."

నా పాఠంలో ఆ గీత హైదరాబాద్ నుంచి భూపాలపట్నం దాకా ఎక్కడా తెగకుండా ఉంటుంది. మధ్యలో గోదావరి ఉందని, దాని మీద వంతెన లేదని పుస్తకంలో రాయలేదు. సారక్క అన్న మాటే ఏ పిల్లాడైనా పరీక్షలో రాస్తే నేను మార్కులు వేసేదాన్ని.

హన్మకొండ నుంచి ములుగు

హన్మకొండ బస్టాండు దగ్గర ఒకావిడ సర్వపిండి కాలుస్తోంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లి, కరివేపాకు కలిపి, గిన్నె లోపలి గోడకు అద్ది, మధ్యలో చిల్లులు పెట్టి నూనె పోస్తారు. పది రూపాయలకు అరచేతికి మించిన ముక్క. మా వైపు దిబ్బరొట్టె దీనికి దూరపు చుట్టం అవుతుంది. దిబ్బరొట్టె మెత్తగా ఒప్పుకుంటుంది, ఇది పంటితో తగువు పెట్టుకుంటుంది. నేను రెండు తిన్నాను.

ఏటూరునాగారం బస్సులో ములుగు దగ్గర తలపాగా చుట్టిన పెద్దాయన ఒకరు ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. నేను మల్లేశం గారితో మాట్లాడుతుంటే కాసేపు విన్నాడు.

"ఏ ఊరమ్మా మీది?"

"తణుకండి."

"ఆంధ్రోళ్ళా?"

"అవునండి."

"మరి మా రాష్ట్రం మాకిస్తరా, ఇయ్యరా?"

"నా చేతిలో ఏముందండి."

"నీ చేతుల ఉంటె?"

"ఉంటే ముందు ఈ బస్సు కిటికీలు బాగు చేయిస్తానండి, తెరుచుకోవడం లేదు."

ఆయన కిటికీ చూశాడు, నన్ను చూశాడు. "న్యాయం మాట్లాడింది" అని మల్లేశం గారికి చెప్పి, కండువా మూటలోంచి నాలుగు తునికిపండ్లు తీసి నా చేతిలో పెట్టాడు. సపోటాకు చిన్న చెల్లెలి రుచి, గింజలు ఎక్కువ.

తాడ్వాయి అడవి

పస్రా దాటితే అడవి. రోడ్డు సన్నబడుతుంది, ఎండ కూడా కొంచెం మర్యాదగా ఉంటుంది. తునికాకు కోసే రోజులు కావడంతో ఎక్కడ చదును నేల ఉంటే అక్కడ ఆకుల కట్టలు వరసలుగా ఎండుతున్నాయి. బీడీలు చుట్టేది ఈ ఆకుతోనే. సారక్క భర్త ఇలాంటి కల్లం దగ్గరే లెక్కలు చూసేవాడట, అలా అడవికి అవతలి మనిషి ఇవతలి అమ్మాయిని వెతుక్కున్నాడట.

తాడ్వాయిలో ఆడవాళ్ళు ఆకుదొప్పల్లో మొర్రిపండ్లు అమ్ముతున్నారు. డబ్బుల కోసం సంచిలో చేయి పెడితే వేళ్ళు ఎర్రగా వచ్చాయి. కుదుపులకు భరిణె మూత ఊడిపోయింది. నర్సమ్మ నింపి ఇచ్చిన కుంకుమలో ఎక్కువ భాగం నా రెండు చీరలకు, ఒక తువ్వాలుకు, పెరుగన్నం డబ్బా మూతకు సమానంగా పంపకమైపోయింది. భరిణెలో చిటికెడు మిగిలింది.

"చిటికెడు చాలు టీచరమ్మా, ఫికరు జేయకు. ఒక్క నొసలే గదా" అన్నాడు మల్లేశం గారు. కానీ ఆ సాయంత్రం ఏటూరునాగారం లాడ్జిలో భరిణె మూత తీసి రెండుసార్లు చూసుకున్నాడు. అక్కడ రిజిస్టరులో నన్ను చెల్లెలిగా రాయించాడు. పొద్దున టీచర్ని, సాయంత్రానికి చెల్లెల్ని.

ముళ్ళకట్ట: రోడ్డు కనిపించని చోటు

మర్నాడు జీపులో గోదావరి ఒడ్డుకు వెళ్ళాం. తారురోడ్డు ఏ హెచ్చరికా లేకుండా ఇసుకలో దిగిపోయింది. కొత్త వంతెనకని స్తంభాలు లేస్తున్నాయి, ఒక్కొక్కటి ఒక్కో ఎత్తులో.

అది వేసవి. నది ఎక్కడో దూరంగా రెండు పాయలుగా ఉంది. మొదటి పాయ మోకాళ్ళ లోతు. చీర కుచ్చెళ్ళు పైకి దోపి నడిచేశాను. రెండో పాయకు పడవ. పడవవాడు బీడీ ఆరకముందే అవతలికి చేర్చాడు.

మల్లేశం గారిని పది రోజులు కూర్చోబెట్టిన నదిని నేను చెప్పులు చేత్తో పట్టుకుని దాటాను. ఇది చూసినవాళ్ళెవరూ ఆయన మాట నమ్మరు. నాకూ, నిజం చెప్పాలంటే, ఒక నిమిషం అనుమానం వచ్చింది.

ఇవతలి ఒడ్డున చాయ్ గుడిసె నడిపే ఆవిణ్ణి నీళ్ళలోకి దిగకముందే అడిగాను. ఫలానా ఏడు వానల్లో ఈయన ఇక్కడ రోజుల తరబడి కూర్చున్నాడు, గుర్తుందా అని.

"వానకాలం మస్తు మంది కూసుంటరమ్మా. ఎవలని యాది వెట్టుకోను?" అంది.

మల్లేశం గారు ఆమెకు చాయ్ డబ్బులిచ్చి నడిచాడు.

అవతలి ఒడ్డు

అవతల పూసూరు, వాజేడు, పేరూరు. షేర్ జీపులో నేను ఇనుప కడ్డీ మీద కూర్చున్నాను. నా ఒళ్ళో ఎవరిదో కోడి కూర్చుంది. రాష్ట్రం మారే చోట పోలీసులు ఆపి సంచులు వెతికారు. అది అడవిలో తుపాకుల భయం ఉన్న దారి. నా సంచి తెరిచిన జవాను లోపలి ఎరుపు చూసి ఒకడుగు వెనక్కి వేశాడు.

"యే క్యా హై?"

"కుంకుమ."

"ఇత్‌నా?"

మల్లేశం గారు తనకొచ్చిన హిందీలో, అక్కను పెళ్ళికి పిలవడానికి వెళుతున్నామని, మేడం బొట్టు పెడుతుందని చెప్పాడు. ఆ జవాను ఏ ఊరివాడో, అంతా విని భరిణె మూత గట్టిగా బిగించి ఇచ్చాడు. ఈ ప్రయాణంలో ఆ మూత సరిగ్గా పెట్టినవాడు ఆయనొక్కడే.

భూపాలపట్నం చేరేసరికి పొద్దు వాలుతోంది. దుకాణాల బోర్డులు హిందీలో ఉన్నాయి, బేరాలు తెలుగులో జరుగుతున్నాయి, అదిలింపులు గోండీలో అనుకుంటాను. రోడ్డు అక్కడ అయిపోలేదు. జగదల్‌పూర్ పోయే ఇంకో రోడ్డులో కలిసిపోయింది.

సారక్క పెంకుటింటి ముందు కూర్చుని తునికాకు కట్టలు కడుతోంది. సన్నటి మనిషి, పొడుగు, మల్లేశం గారి ముక్కే. మమ్మల్ని చూసింది. కట్టడం ఆపలేదు.

"ఎవలమ్మా నువ్వు?" అని నన్నడిగింది.

"ఉప్పల్ నుంచి వచ్చానండి. మల్లేశం గారింట్లో పై వాటాలో ఉంటాను."

"ఆయనకు కాళ్ళు కడుక్కోను నీళ్ళు గా తొట్టిల ఉన్నయని చెప్పు."

ఆయన నాకు మూరెడు దూరంలో ఉన్నాడు. చెప్పాను. "సరే అన్నానని చెప్పు టీచరమ్మా" అన్నాడాయన. అదీ చెప్పాను.

రాత్రి భోజనం చింతచిగురులో ఎండురొయ్యలు. ఆ కూర మా గోదావరి జిల్లాల సొత్తని నాకు పుట్టినప్పటినుంచి నమ్మకం. గోదావరికి ఇంకా చాలా ఒడ్డు ఉందని ఆ ముద్దతో తెలిసింది.

"కారం ఎక్కువైందా అడుగు" అంది సారక్క.

"కాలేదటండి."

"చిన్నప్పుడు కారం నోట్లె వెట్టకపోతుండె. నేనే కడిగి పెడుతుంటి."

"ఇప్పుడు తింటున్ననని చెప్పు" అన్నాడు మల్లేశం గారు పళ్ళెంలోకి చూస్తూ. నేను చెప్పేలోగా ఆమె ఇంకో గరిటె వేసింది.

భూపాలపట్నం: పొద్దున

పొద్దున్నే సారక్క తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, పీట తనే తెచ్చుకుని గుమ్మం ముందు వేసుకుని కూర్చుంది. లోపల కాదు, బయట. బోరింగు దగ్గర ఆ పూట మామూలు కన్నా ఎక్కువ మందికి నీళ్ళు కావలసివచ్చాయి. ఒకావిడ నిండిన బిందెను పారబోసి మళ్ళీ కొట్టడం నేను చూశాను.

నేను భరిణె తీశాను. ఆమె నా నుదురు చూసింది.

"నీ పెనిమిటి ఏం జేస్తడు?"

"పోయారండి."

"మరి బొట్టు?"

"పెట్టుకుంటానండి."

"ఎవలేమనరా?"

"అంటారు. బడికి టైమవుతుంది, వినడం కుదరదు."

సారక్క నవ్వింది. పన్ను ఒకటి లేదు. నేను వేలు కుంకుమలో అద్ది ముందుకు వంగాను. ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"నీ చేతితోని అయితది బిడ్డా. నువ్వు అంత దూరంకెళ్ళి వచ్చినవ్, నీకు దండం. గాని ఆయన్ను వెట్టుమను."

మల్లేశం గారు స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. "ఆడోళ్ళు గదా టీచరమ్మా పెట్టేది" అన్నాడు నాతో.

"పుట్టింట్ల కెళ్ళి ఏ ఆడిది వచ్చిందో అడుగు" అంది సారక్క నాతో.

భరిణె ఆయన చేతికిచ్చాను. ఆయన అందుకోవడంలో అది ఒరిగి, ఉన్న చిటికెడూ కింద పడింది. అప్పుడు నా సంచి తెచ్చి, చీర మడత విప్పి, అందులో చిక్కిన కుంకుమ అంతా ఒక మూలకు దులిపి పట్టుకున్నాను. ఆయన బొటనవేలితో అద్దుకున్నాడు. పైపులు మోసిన వేలు, బొట్టు రూపాయి బిళ్ళంత పడింది, అదీ వంకరగా. కొంత ముక్కు మీదకు రాలింది. ఆమె తుడుచుకోలేదు.

"అక్కా, స్రవంతి పెండ్లి. నువ్వు రావాలె."

"వస్తనని చెప్పు" అంది సారక్క నాతో.

నేను చెప్పలేకపోయాను. ఏడుపు వచ్చింది. ఎందుకని అడిగితే ఆమె కోసమని చెబుతాను. సగం నా కోసం. బోరింగు దగ్గర ఒకావిడ బిందె ఎత్తుకుని విసురుగా వెళ్ళిపోయింది. ఇంకొకావిడ మాత్రం దగ్గరికి వచ్చి, బొట్టును పరీక్షగా చూసి, "వంకరున్నది" అని కొంగుతో సరిచేసి పోయింది.

మల్లేశం గారు ఇంటికి ఫోను చేశాడు. సిగ్నలు కోసం అరుగెక్కి నిలబడ్డాడు కాబట్టి అందరికీ వినిపించింది.

"బొట్టు నేనే వెట్టిన."

లైను పోయిందేమోనని ఫోను చెవి నుంచి తీసి చూసుకున్నాడు. అప్పుడే అందులోంచి నర్సమ్మ గొంతు గట్టిగా వచ్చింది.

"బుధవారం పసుపు దంచుడు. వదినె వచ్చేదాక రోకలి ఎవలు ముట్టరని చెప్పు."

సారక్క అప్పటికే లోపల పెట్టె సర్దుతోంది.

తిరుగు దారి

తిరిగి వచ్చేటప్పుడు కూడా తపాలా పని నాదే. ఆయనను కిటికీ పక్కన కూర్చోమని చెప్పు, ఆమెకు నీళ్ళు కావాలేమో అడుగు. పేరూరు దాకా ఇలాగే నడిచింది. జీపు ఎక్కినవాళ్ళు ఆమె నుదుటికేసి చూసి, మెడకేసి చూసి, మళ్ళీ నుదుటికేసి చూశారు. ఆమె కొంగు ముందుకు లాక్కోలేదు. నేనైతే మొదటి రోజు బడికి గొడుగు అడ్డం పెట్టుకుని వెళ్ళాను.

పడవ దిగి, ఇసుక దాటి, ముళ్ళకట్ట ఒడ్డుకు ఎక్కాం. ఏటూరునాగారం జీపు కదలడానికి సిద్ధంగా ఉంది. సారక్క ఆగిపోయింది. వెనక్కి తిరిగి నదిని చూసింది.

"యాడ కూసున్నవ్ రా?"

ఎవరికి చెప్పాలో అర్థం కాక నేను అటూ ఇటూ చూశాను. మల్లేశం గారు కూడా అలవాటుగా నా వైపు చూశాడు. నేను చెప్పుల్లో ఇసుక దులుపుకోవడం మొదలుపెట్టాను.

"గీడ. గా రాయి కాడ" అన్నాడు.

"నీడ గూడ లేదు."

"వాననే ఉండె గదా."

"తడిసినవా?"

"గొడుగుండె. గాలికి కొట్కపోయింది."

"ఏం దిన్నవ్?"

"బిస్కెట్లు. ఒకామె ఒక దినం జొన్న గటక పోసింది."

జీపువాడు హారన్ కొట్టాడు. సారక్క కదల్లేదు.

"చీరె తెచ్చినవా?"

"తెచ్చిన."

"యాడున్నది మరి?"

మల్లేశం గారు కాలితో ఇసుక నెట్టాడు. "తడిసి ముద్దయింది. ఇంటికి వట్కపోయిన. పెట్టెల చివుకుతదని నీ మరదలు కట్టుకుంటున్నది."

"ఏం రంగు?"

"ఆకుపచ్చ."

"గప్పుడు నాకు ఆకుపచ్చ తెచ్చినవా?"

"నువ్వు గదే కడుతవ్ గదా అక్కా."

ఆమె రాయి దాకా నడిచి వెళ్ళింది. దాని మీద కూర్చుని నీళ్ళకేసి చూసింది. జీపువాడు మళ్ళీ హారన్ కొట్టబోతే నేను వెళ్ళి, ఐదు నిమిషాలు ఆగు నాయనా, మనిషికి పది రూపాయలు ఎక్కువిస్తాం అన్నాను. తమ్ముడు దూరంగా నిలబడ్డాడు. ఆమె చేత్తో పిలిచి పక్కన చోటు చూపించింది. ఆయన కూర్చున్నాడు. నాకు వినిపించేంత దగ్గరకు నేను వెళ్ళలేదు.

ఏటూరునాగారంలో హన్మకొండ బస్సెక్కాక వాళ్ళిద్దరూ ఒక సీట్లో కూర్చున్నారు. బస్సు కదలగానే సారక్క తిట్టడం మొదలుపెట్టింది. ఈత రాదా అని, పడవోని కాళ్ళు పట్టుకోకపోతివా అని, ఆకుపచ్చ చీరె దానికిస్తవా అని, ఇన్నేండ్ల సంది మళ్ళొక్కపారి వచ్చి తలుపు కొట్టకపోతివా అని, ఇంత బక్కగయితివేందిరా అని. మల్లేశం గారు అన్నింటికీ తలూపుతున్నాడు. నేను లేచి వెనక సీటుకు వెళ్ళిపోయాను. తిట్లు తాడ్వాయి దాటాయి, పస్రా దాటాయి. ఎక్కడిదాకా సాగాయో నాకు తెలియదు, హాయిగా నిద్రపట్టేసింది.